సింగన్న మా మగ్గం గుంతలో ఉండిపోయిన ఏడు

మొన్న నాగర్‌కర్నూల్ నుంచి గద్వాలకు బస్సులో పోతుంటే, దారిలో ఒక కూడలి దగ్గర గుడ్డ కప్పిన కొత్త విగ్రహం ఒకటి కనిపించింది. గాలికి గుడ్డ ఒక పక్కకు తొలగి గుర్రం ముందుకాళ్ళు, దాని మీద కూర్చున్న మనిషి బూటు బయటపడ్డాయి. పక్క సీట్లో కూర్చున్న అబ్బాయిని అడిగితే అది రేవు సింగన్న విగ్రహమని, తెల్లవాళ్ళతో కొట్లాడిన పెద్ద వీరుడని, వచ్చే వారం గుడ్డ తీస్తారని చెప్పాడు. నాకు ముందు నవ్వు వచ్చింది, తర్వాత కోపం వచ్చింది. సింగన్నకు గుర్రమెక్కడిది, బూట్లెక్కడివి? పడవ నడుపుకొని బతికిన మనిషి ఆయన. కాల్లో తుమ్మముల్లు విరిగి కుంటుకుంటూ మా వీధిలోకి వచ్చినవాడు. ఆ మాట ఆ అబ్బాయితో అంటే, అమ్మా నువ్వు చూశావా అని అడిగేవాడు, చూశానని నేను అనేదాన్ని, ఆ తర్వాత పెబ్బేరు దాకా అతను నా వైపు తిరిగి చూసేవాడు కాదు. అందుకే నోరు మూసుకొని కిటికీలోంచి చేలు చూస్తూ కూర్చున్నాను. నా ఈడు వాళ్ళకైతే చెప్పుకోవచ్చు. మన ఇళ్ళలో చచ్చిపోయినవాళ్ళకూ బతికున్నవాళ్ళకూ మధ్య గోడ అంత గట్టిగా ఉండేది కాదని మీకు తెలుసు.

సింగన్న చరిత్ర పుస్తకాల్లో ఉన్నాడో లేడో నాకు తెలియదు, నేను చదివిన పుస్తకాల్లో అయితే లేడు. కథలో మాత్రం ఆయన తుంగభద్ర రేవులో పడవ నడిపేవాడు. నదికి ఆవలి గట్టు తెల్లవాళ్ళ కుంపిణీది, ఈవలి గట్టు సంస్థానానిది. ఆవలి ఊళ్ళలో శిస్తు కింద లాక్కున్న జొన్నలు దాటించమని కుంపిణీ సిపాయిలు పడవలు అడిగారట. ఆకలితో ఉన్న ఊరి గింజలు నా పడవ మోయదని సింగన్న అన్నాడట. కొట్టారట. ఆ వారంలోనే రేవులోని పడవలన్నిటికీ అడుగున తూట్లు పొడిచి ముంచేసి, పడవల వాళ్ళందరినీ కూడగట్టుకొని అడవి పట్టాడట. ఏళ్ళ తరబడి నదికి అటూ ఇటూ కుంపిణీ వాళ్ళను నిద్రపోనివ్వలేదట. తలకు వెల కట్టి వెంటపడితే నది ఈది గద్వాల చేరి, సిపాయిలు వీధి మొదట్లో ఉండగా, మా ఇంట్లోకి వచ్చాడు.

మా ఇల్లనే ఎందుకంటున్నానంటే కథలో అలాగే ఉంది. నేతగాళ్ళ వీధిలో, తూర్పు వాకిలి ఇంట్లో, మగ్గం మీద ఒక ఆడమనిషి ఒంటరిగా నేస్తుండగా ఆయన లోపలికి వచ్చాడనీ, ఆమె మాట్లాడకుండా మగ్గం కింది గుంత చూపించిందనీ, ఆయన అందులో ముడుచుకొని కూర్చుంటే ఆమె కాళ్ళు ఆయన మీదే ఆనించి నేస్తూ ఉందనీ, సిపాయిలు ఇల్లంతా వెతికి పోయారనీ కథ. గుంత మగ్గం చూడని వాళ్ళకు చెప్పాలి, మగ్గం నేల మట్టానికి ఉంటుంది, నేసేవాళ్ళు నేల మీద కూర్చొని కాళ్ళు కిందికి దించి గుంతలోని తొక్కుడు కర్రలను తొక్కుతుంటారు. ఒక మనిషి ఒదిగితే ఒదగవచ్చు. మా వీధిలో తూర్పు వాకిలి ఇళ్ళు మాది కాక ఇంకా ఉన్నాయి గానీ, ఆ ముచ్చట ఎవరైనా ఎత్తితే మా నాయనమ్మ వాళ్ళతో నెల రోజులు మాట్లాడేది కాదు.

ప్రతి ఏడూ జొన్నకోతలు అయిపోయాక తిమ్మాజిపేట వైపు నుంచి ఒక భార్యాభర్తలు మా వీధికి వచ్చి ఈ కథ చెప్పేవారు. ఆయన భుజాన తంబూర వేసుకొని, వేళ్ళకు గల్లుమనే ఇత్తడి అందెలు తొడుక్కొని కథ నడిపేవాడు. ఆమె పక్కన మట్టి గుమ్మెట వాయిస్తూ వంత పాడేది. మాకు ఆయన కథల తాత, ఆమె గుమ్మెటవ్వ. ఊరికొక కొసరు ఉండే కథ అది, మా దగ్గర ఎక్కువసేపు సాగేది మా ఇంటి ముచ్చటే. ఆ రోజు పొద్దున్నుంచీ మగ్గం ఖాళీగా ఉంచేవాళ్ళం. మా ఇంటి ముందు చాపలు పరచి, సాయంత్రం ఎండ తగ్గాక కథ మొదలై, సింగన్న గుంతలోకి దిగగానే మా నాయనమ్మ లేచి లోపలికి పోయి గుంత అంచున దీపమూ, గిన్నెలో అంబలీ పెట్టి వచ్చేది. సిపాయిలు పోయాక వీధిలో తంబూర మోగుతుంది. అది సింగన్న మనుషులు పెట్టుకున్న గుర్తు, ఇక బయటికి రావచ్చని. కథల తాత అప్పుడు నిజంగానే మా గడప దాటి లోపలికి వచ్చి, మగ్గం పక్కన నిలబడి తంబూర మీటేవాడు. సింగన్న లేచి వచ్చేవాడు. అంతవరకు మా ఇంట్లో ఎవరమూ గట్టిగా ఊపిరి తీసేవాళ్ళం కాదు.

ఒక్క విషయంలో మాత్రం నాయనమ్మకూ కథల తాతకూ ప్రతి ఏడూ పేచీ. సింగన్న బయటికి రాగానే తాత ఆయన్ని వనపర్తి దారి పట్టించేసేవాడు. నాయనమ్మ మధ్యలో అడ్డుపడి, “తిన్నడా లేదా?” అని అడిగేది. “కథల లేదు పెద్దమ్మా” అని ఆయన అనేవాడు. నాయనమ్మకు అది మింగుడు పడేది కాదు. మా ఇంటికి వచ్చిన మనిషి ఉత్త కడుపుతో పోయాడంటే ఎవరికి మాట అని సణుక్కునేది.

ఇక నా సంగతి. అప్పటికి నేను డిగ్రీ అయిపోయి ఊళ్ళోనే ఒక చిన్న బడిలో పాఠాలు చెబుతూ, బడి విడిచాక నాయనకు కండెలు చుట్టి ఇస్తూ ఉండేదాన్ని. రెండువేల సంవత్సరం దాటి కొద్ది ఏళ్ళే అయింది, వీధిలో ప్రతి ఇంట్లో ఇంకా మగ్గం చప్పుడు ఉండేది. నాగర్‌కర్నూల్ సంబంధం కుదిరి, ఫాల్గుణంలో ముహూర్తం పెట్టుకున్నారు. నేతగాడు ఏళ్ళ తరబడి ఊరి వాళ్ళ బిడ్డల పెళ్ళి చీరలు నేస్తాడు గానీ, తన ఇంటికని నేసేది బిడ్డ పెళ్ళి చీర ఒక్కటే. నాయన నా కోసం వంకాయ రంగు ఒడలు, కుంకుమ రంగు పట్టు అంచు పెట్టి మొదలుపెట్టాడు. ఒడలంతా నూలు, అంచూ కొంగూ పట్టు, ఆ రెండు దారాలను పోగు పోగుకూ కలుపుతూ పోవాలి, అదే మా గద్వాల పని. ఒడలు అయిపోయి ఇక కొంగు మిగిలి ఉండగా కథల వాళ్ళు వచ్చారు. పడుగు మగ్గం మీదే ఉంచి, పైన తెల్లగుడ్డ కప్పి, కథకు గుంత ఖాళీ చేశాం.

ఆ సాయంత్రం కథ ఎప్పటిలాగే నడిచింది. సింగన్న నది ఈదాడు, ముల్లు గుచ్చుకుంది, మా వాకిలి చేరాడు, గుంతలోకి దిగాడు. నాయనమ్మ దీపం పెట్టి వచ్చింది. సిపాయిలు తలుపు తట్టారు. తాత ఆ తలుపు చప్పుడు తంబూర మీద వేసే పద్ధతి ఒకటి ఉండేది, చిన్నప్పుడు అది వింటే నేను అమ్మ కొంగులో దూరేదాన్ని. ఆ చప్పుడు ఒకసారి వేశాడు. రెండోసారి చెయ్యి పైకి లేవలేదు. నోటి మాట వంకరపోయింది. గుమ్మెటవ్వ ఇంకా వంత పాడుతూనే ఉంది, ఆయన ఒరిగిపోయాకే ఆపింది. వీధి వాళ్ళంతా కలిసి ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. పక్షవాతమని చెప్పి అక్కడి నుంచి పెద్ద దవాఖానకు పంపారు. చాపలు మేమే ఎత్తాం.

మర్నాడు పొద్దున నాయన మొహం కడుక్కొని, మగ్గం దగ్గరికి పోయి, తెల్లగుడ్డ తీసి కూర్చోబోయాడు. నాయనమ్మ గుంత పక్కన కూర్చొని ఉంది, దీపం ఆరలేదు, అంబలి గిన్నె అట్లాగే ఉంది. “కాళ్లు ఆడ పెడ్తవా? ఆయన ఇంక బయటికి ఎల్లలే” అన్నది. నాయన ముందు నవ్వబోయి మానుకున్నాడు. కథ కదా అమ్మా అన్నాడు. కథయితే ఇన్నేళ్ళు ఆ రోజు మగ్గం ఎందుకు ఆపావని అడిగింది. ఆ కథలోని ఆడామె మాత్రం కాళ్ళు ఆయన మీదే పెట్టి నేసింది కదా అని నేను తెలివిగా అందుకున్నాను. నాయనమ్మ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. “ఆమె ఆయన పానం నిలబెట్టనీకె పెట్టె. మీరు చీర నేయనీకె పెడ్తరా?” అన్నది. నాయన తెల్లగుడ్డ మళ్ళీ కప్పేశాడు.

నవ్వుకునే వాళ్ళు నవ్వుకోండి. నాకు అప్పుడు నవ్వు రాలేదు, ఏడుపు వచ్చింది. ముహూర్తం దగ్గర పడుతోంది, నా చీర కొంగు లేకుండా మగ్గం మీద ఉంది, కింద ఒక మనిషి కూర్చొని ఉన్నాడు. అమ్మ అంగట్లో కొందామని ఒకసారి అని చూసింది. నేసేవాడి బిడ్డ కొన్న చీర కట్టుకొని పీటల మీద కూర్చుంటే తాను ఆ పెళ్ళికి రానని నాయన అన్నాడు. నాయనమ్మకు కథంతా నోటికి వచ్చు కదా, ఆమెనే మిగిలింది చెప్పేయమంటే, వినేవాళ్ళు చెబితే రాడని, తంబూర చప్పుడు వింటేనే వస్తాడని తేల్చేసింది. ఊళ్ళో భజన చేసే ఒకాయన తంబూర తెస్తానన్నాడు, సింగన్నకు ఆ చెయ్యి కొత్త అని అదీ ఒప్పుకోలేదు. ఇక మిగిలింది కథల తాతను వెతకడమే. నాయన పరేషాన్ అయిపోయి, నన్ను తోడు తీసుకొని బయలుదేరాడు.

ముందు వనపర్తి పోయాం, మా తర్వాత వాళ్ళు ఆగే ఊరు అదే. వాళ్ళు దిగే వీధిలో అడిగితే, ఈ ఏడు రాలేదని చెబుతూ ఒక పెద్దమనిషి, సింగన్న దాక్కున్న జొన్న పాతర తమ ఇంట్లోనే ఉందని, చూసిపొమ్మని మమ్మల్ని పెరట్లోకి తీసుకుపోయాడు. నాయన మొహం మాడిపోయింది. గద్వాల మగ్గం గుంత సంగతి ఏమిటని అడిగాడు. అట్లాంటిది తామెప్పుడూ వినలేదని ఆ పెద్దమనిషి మర్యాదగానే అన్నాడు. బస్టాండుకు తిరిగి వస్తూ నాయన, నాయనమ్మకు ఈ మాట చెప్పకు అన్నాడు. నేనైతే లోలోపల సంతోషపడ్డాను. పారిపోతున్న మనిషికి ఒక్క చోటే దొరికితే ఎట్లా, ఎన్ని ఇళ్ళు తలుపు తీస్తే అంత మంచిది కదా అనిపించింది. ఆ రోజు బిజినపల్లి దారిలో, ఎండలో మెరుస్తున్న కందిమోళ్ళ మధ్య, కుంటుకుంటూ పోతున్న ఒక మనిషి నాకు ఎన్నిసార్లు కనిపించాడో చెప్పలేను.

నాగర్‌కర్నూల్ బస్టాండులో దిగగానే ఎదురుపడింది నాకు కాబోయే మామ. పెళ్ళికి ముందు కబురు లేకుండా పిల్లను వెంటబెట్టుకొని వియ్యంకుల ఊళ్ళో దిగినందుకు నాయన సిగ్గుతో సగమయ్యాడు. ఏదో పని మీద అని నసిగి, చివరికి దాచలేక ఉన్నదంతా చెప్పాడు. నేను తల వంచుకొని, ఈ సంబంధం ఇంతటితో సరి అనుకున్నాను. ఆయన అంతా విని, గడ్డం నిమురుకొని, “మరి ఆయన ఎల్లకుంటే పెండ్లెట్ల జేస్తం?” అని, అప్పటికప్పుడు ఒక ఆటో మాట్లాడి, తానూ ఎక్కి, మమ్మల్ని తిమ్మాజిపేట అవతలి పల్లెకు తీసుకుపోయాడు. మొగుణ్ణి చూసి కాపురానికి పోతారంటారు, నేను మాత్రం ఆ ఒక్క మాటకు ఆ ఇంటి కోడలినయ్యాను.

కథల తాత నులక మంచం మీద ఉన్నాడు. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. నాయనను చూడగానే కళ్ళ నీళ్ళు పెట్టుకొని ఎడమ చేతితో నేల వైపు చూపించాడు, మళ్ళీ మళ్ళీ చూపించాడు. ఏం చెబుతున్నాడో మాకు అర్థమయింది. గుంతలో మనిషిని వదిలేసి వచ్చానని ఆయనకూ అదే దిగులు. తర్వాత గోడకు వేలాడుతున్న తంబూర చూపించి, గుమ్మెటవ్వను చూపించాడు. ఆమె రెండు అడుగులు వెనక్కి వేసింది. తంబూర ఆడవాళ్ళు పట్టరు, కథ ఆడవాళ్ళు నడపరు, అది వాళ్ళ ఆచారం. “నాకు వంతనే వస్తది. ఆయన్ని ఏడికి తోల్కపోవాల్నో నాకు తెల్వదు” అన్నది. తాత కదలని నోటితో ఏదో అరిచినట్టు చేశాడు, మంచం పట్టె మీద ఎడమ చేత్తో కొట్టాడు. ఆమె బయటికి పోయి కాళ్ళు కడుక్కొని వచ్చి, తంబూర దించింది.

ఆమె మా వెంట గద్వాలకు వచ్చింది, మర్నాటి సాయంత్రం మా ఇంటి ముందు ఎంత మంది చేరారో. ఆమె తంబూర బిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుంది. తలుపు తట్టే చప్పుడు ఆమెకు వేయ వచ్చినట్టు లేదు, మా తలుపునే చేత్తో తట్టింది. తాత కథలో మగ్గం మీది ఆడామెకు ఒక్క వరుసే ఉండేది, మగ్గమ్మీద మగువ కూసుండె అని. గుమ్మెటవ్వ ఆ వరుస దగ్గరికి వచ్చి అక్కడే ఆగిపోయింది. దారి మరిచిందేమో అనుకున్నాం. అప్పుడు ఎవరూ ఎన్నడూ వినని మాటలు మొదలయ్యాయి. ఆ ఆడామె పాదాల కింద ఆయన భుజం వణకడం, ఆ వణుకు పైకి పాకి తన చేతుల్లోకి రాకుండా ఆమె పళ్ళు బిగబట్టుకోవడం, పోగు తెగితే సిపాయి చూస్తాడని కళ్ళార్పకుండా నాడె విసరడం, సిపాయిలు పోయాక కూడా పట్టిన వరుస పూర్తిచేసి గానీ లేవకపోవడం. ఇన్నేళ్ళు వంత పాడుతూ ఈమె లోపల ఇదంతా పెట్టుకొని ఉందా అనుకున్నాను. ఆమె గడప దాటి వచ్చి తంబూర మీటింది. సింగన్న లేచాడు. ఆ ఆడామె ఆయన్ని పోనివ్వలేదు, కూర్చోబెట్టి ముల్లు తీసి, అంబలి పోసి, తాగేదాకా తలుపుకు అడ్డంగా నిలబడింది. నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని చిన్నపిల్లలా ఏడ్చింది. మర్నాడు తెల్లవారగానే ఆమే నాయనను పిలిచి మగ్గం మీద కూర్చోబెట్టింది.

నా చీర అనుకున్న వేళకు దిగింది. కట్టుకున్నాను, కాపురానికి పోయాను. కథల తాత ఆ వానాకాలం దాటలేదు. గుమ్మెటవ్వ మాత్రం ఆ తర్వాత కొన్నేళ్ళు ఒంటరిగా తంబూర వేసుకొని వచ్చేది. ఏ పనులున్నా ఆ రోజుకు నేను పుట్టింటికి చేరేదాన్ని. ఏడు ఏడుకూ వినేవాళ్ళు తగ్గుతూ వచ్చారు. వీధిలో ఒక్కొక్క మగ్గమే ఆగిపోయింది, సాయంత్రం అయ్యేసరికి ప్రతి ఇంట్లో టీవీ మోగేది, కథకు కూర్చున్న వాళ్ళు కూడా లోపలి నుంచి వచ్చే పాట వైపు చెవి పెట్టేవాళ్ళు. గుమ్మెటవ్వ తన కోడళ్ళకు నేర్పాలని చూసిందట, వాళ్ళు పట్నంలో కట్టడం పనులకు పోయారు.

ఆ దశాబ్దం చివర్లో ఒక ఏడు ఆమె వచ్చింది. గొంతు జీరపోయింది, నది ఈదించడానికే అలసిపోయింది. నాయనమ్మ అప్పటికి మంచం దిగడమే కష్టమైనా, గోడ పట్టుకొని వచ్చి, దీపం ప్రమిద ఒడిలో పెట్టుకొని కూర్చుంది. సింగన్న మా వీధిలోకి వచ్చాడు, మా వాకిలి ముందు నిలబడ్డాడు. మగ్గం మీది ఆడామె తల ఎత్తి లోపలికి రమ్మని గుంత చూపించింది. నాయనమ్మ లేవబోయింది. గుమ్మెటవ్వ తంబూర మీద చెయ్యి పెట్టి చప్పుడు ఆపి, పాటలో కాదు, మామూలు మాటల్లో, “ఈయేడు దించను అక్కా. రేపు నాకేమన్న అయితే ఆయన్ని ఎల్లదీసేటోల్లు లేరు” అన్నది. నాయనమ్మ ఒడిలోని ప్రమిద పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా తల ఊపింది. గుమ్మెటవ్వ మళ్ళీ తంబూర ఎత్తుకొని, ఇక్కడ ఆగవద్దు తమ్ముడా, చీకటి పడకముందే ఏరు దాటమని, ఆ ఆడామె నోటితోనే ఆయనకు చెప్పించి, మా వీధి చివరి దాకా నడిపించుకుంటూ పోయింది. ఆమె మళ్ళీ రాలేదు.

నాయన మగ్గం మానుకున్నాక గుంత పూడ్చేటప్పుడు నాయనమ్మ అడ్డు చెబుతుందేమోనని మేమంతా భయపడ్డాం. ఆమె గడపలో కూర్చొని మట్టి పోయడం చివరిదాకా చూసింది. ఒకప్పుడు ఆ గదిలోకి పోవాలంటే మేము చెప్పులు విడిచి, కింద మనిషి ఉన్నాడేమోనన్నట్టు అడుగులో అడుగు వేసేవాళ్ళం. ఇప్పుడు అక్కడ నున్నటి బండలు పరిచారు, నా పిల్లలూ తమ్ముడి పిల్లలూ గంతులేస్తూ తిరుగుతారు, మెల్లగా నడవమని వాళ్ళకు చెప్పడానికి నా దగ్గర కారణం ఏదీ లేదు. ఆ నేల కింద ఇప్పుడు ఎవరూ లేరు.